పూచీ అప్పిచ్చినవారికి, ప్రీమియం కొన్నవారికి: అమెరికా ఎఫ్‌హెచ్‌ఏ ఇంటి లోన్ల లెక్క

క్లుప్తంగా

క్రెడిట్ స్కోరు అంతంతమాత్రంగా ఉండి, చేతిలో పెద్దగా డబ్బు లేనివారికి అమెరికాలో ఇల్లు కొనుక్కునే దారి ఎఫ్‌హెచ్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ పూచీతో వచ్చే లోను. ఇందులో ప్రభుత్వం అప్పు ఇవ్వదు, అప్పు ఇచ్చిన సంస్థకు పూచీ పడుతుంది. ఆ పూచీకి అయ్యే ఖర్చును ఇల్లు కొన్నవారు ప్రీమియంగా కడతారు. డౌన్ పేమెంట్ 10 శాతం లోపు పెట్టినవారు లోను ఉన్నన్నాళ్లూ కట్టాల్సిందే. 2025 మే 25 నుంచి హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి ఈ లోన్లు ఆగిపోయాయి. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగు కుటుంబాల్లో ఎఫ్‌హెచ్‌ఏ పేరు ఎక్కువగా వినబడటానికి అదొక కారణం. ఈ ఏర్పాటు ఎలా నడుస్తుంది, ఎవరికి లాభం, ఎవరికి బరువు అన్నదే ఈ వ్యాసం.

జామీను సంతకం

పల్లెల్లో అప్పు పుట్టని మనిషి కోసం ఊళ్లో పలుకుబడి ఉన్నవారెవరో ఒకరు జామీను సంతకం పెడతారు. వడ్డీ వ్యాపారి అప్పు తీసుకునేవాడిని చూసి కాదు, ఆ సంతకాన్ని చూసి డబ్బిస్తాడు. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ, చేసే పని అచ్చంగా ఇదే. కాకపోతే ఊరి పెద్దమనిషి ఊరికే సంతకం పెడతాడు, ఎఫ్‌హెచ్‌ఏ ఫీజు తీసుకుని పెడుతుంది.

లోను ఇచ్చేది బ్యాంకో, ప్రైవేటు మార్ట్‌గేజ్ కంపెనీయో. కొన్నవారు వాయిదాలు కట్టలేక ఇల్లు జప్తుకు వెళ్లి, అమ్మగా వచ్చిన డబ్బు అప్పుకు చాలకపోతే ఆ లోటును ఎఫ్‌హెచ్‌ఏ నిధి పూడుస్తుంది. నష్టభయం తగ్గింది కాబట్టి లెండర్ మామూలుగా వెనక్కి పంపే మనిషికి కూడా లోను ఇవ్వడానికి సిద్ధపడతాడు.

చాలామంది తడబడేది ‘ఇన్సూరెన్స్’ అన్న మాట దగ్గరే. నెలనెలా ప్రీమియం కడుతున్నాం కదా, ఉద్యోగం పోతే కొన్నాళ్లు అదే కట్టుకుంటుందిలే అనుకుంటారు. అలా ఏమీ జరగదు. ఈ బీమా రక్షించేది అప్పిచ్చిన సంస్థను. ఇల్లు కాలిపోతే పనికొచ్చే హోమ్ ఇన్సూరెన్స్ వేరు, అప్పు తీసుకున్న మనిషి చనిపోతే పనికొచ్చే జీవిత బీమా వేరు. ఎఫ్‌హెచ్‌ఏ ప్రీమియం ఆ రెండింటిలో ఏ పనీ చేయదు.

ఈ గొలుసులో ఇంకో కొస కూడా ఉంది. లెండర్లు ఈ లోన్లను తమ దగ్గరే ఉంచుకోరు. కట్టలు కట్టి బాండ్లుగా మార్చి పెట్టుబడిదారులకు అమ్మేస్తారు. ఆ బాండ్లకు అసలూ వడ్డీ వేళకు అందుతాయని హామీ ఇచ్చేది 1968లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ జిన్నీ మే. హామీ వెనుక సాక్షాత్తూ అమెరికా ఖజానా ఉంది కాబట్టి పెట్టుబడిదారుడు తక్కువ రాబడికైనా సరే అంటాడు. అందువల్లే స్కోరు తక్కువ ఉన్న మనిషికి కూడా ఎఫ్‌హెచ్‌ఏ లోను మీద వడ్డీ రేటు మామూలు లోన్లకు దగ్గరగానూ, కొన్నిసార్లు అంతకంటే తక్కువగానూ కనబడుతుంది. అసలు ఖరీదు రేటులో కనబడదు, ప్రీమియంలో ఉంటుంది.

మాంద్యంలో పుట్టిన సంస్థ

1930ల మొదట్లో అమెరికాలో ఇంటి లోను ఇప్పటిలా ఉండేది కాదు. ఇంటి ధరలో సగం దాకా చేతి నుంచి పెట్టుకోవాలి. మిగతా అప్పు మూడు నుంచి అయిదేళ్లు, మహా అయితే పదేళ్లు. చాలా లోన్లలో నెలనెలా వడ్డీ మాత్రమే కట్టి, చివర్లో అసలంతా ఒక్కసారిగా తీర్చాలి. తీర్చలేనివారు మళ్లీ కొత్త అప్పు తెచ్చుకునేవారు. మాంద్యంలో బ్యాంకులే మూతపడటంతో కొత్త అప్పు పుట్టడం ఆగిపోయింది. 1933లో రోజుకు దాదాపు వెయ్యి ఇళ్లు జప్తయ్యాయని చరిత్రకారులు తరచుగా చెబుతారు.

1934 జూన్ 27న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన నేషనల్ హౌసింగ్ యాక్ట్ ఎఫ్‌హెచ్‌ఏను పుట్టించింది. ఇంటి విలువలో 80 శాతం దాకా అప్పు, 20 ఏళ్ల గడువు, ప్రతి వాయిదాలోనూ కొంత అసలు కొంత వడ్డీ తీరే పద్ధతి వచ్చాయి. 1938లో చవక ఇళ్లకు ఈ హద్దును 90 శాతానికి, 25 ఏళ్లకు పెంచారు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హోమ్ లోను ఈఎంఐ కట్టేవారికి ఇందులో కొత్త ఏముందనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇది పెద్ద మార్పు. అసలూ వడ్డీ కలిపి ఏళ్ల తరబడి సమాన వాయిదాల్లో కట్టే పద్ధతి అమెరికా అంతటా పాతుకుపోయింది ఎఫ్‌హెచ్‌ఏ పూచీ వల్లే.

దానికి మచ్చ కూడా ఉంది. నల్లజాతివారు ఉండే పేటల్లో ఇళ్లకు పూచీ పడటం నష్టమని ఎఫ్‌హెచ్‌ఏ అప్పట్లో రాతపూర్వకంగానే తేల్చేసింది. వేర్వేరు జాతులవారు కలిసి ఉంటే ఇళ్ల విలువ పడిపోతుందని దాని నిబంధనల పుస్తకంలోనే ఉండేది. 1968లో ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ వచ్చేదాకా ఈ వివక్షకు చట్టపరంగా గట్టి అడ్డుకట్ట పడలేదు. శ్వేతజాతి, నల్లజాతి కుటుంబాల ఆస్తుల మధ్య ఇవాళ ఉన్న తేడాకు ఇదొక మూలమని చాలామంది పరిశోధకులు చూపిస్తారు. 1965లో హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ శాఖ ఏర్పడినప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ దాని కిందికి వచ్చింది. ఆ శాఖను అందరూ హడ్ అంటారు.

500, 580, ఆపైన లెండర్ గీసే గీత

నియమాల ప్రకారం స్కోరు 580, ఆపైన ఉంటే ఇంటి ధరలో 3.5 శాతం డౌన్ పేమెంట్ చాలు. 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం పెట్టాలి. 500 లోపైతే దారి లేదు. ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ సంస్థలు ఇచ్చే మూడు స్కోర్లలో మధ్యదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. భార్యాభర్తలిద్దరూ కలిసి లోను తీసుకుంటే ఇద్దరి మధ్య స్కోర్లలో ఏది తక్కువైతే అదే లెక్క. ఒకరికి 740, ఇంకొకరికి 590 ఉంటే ఫైలు మీద పడేది 590.

గతంలో దెబ్బతిన్నవారి పట్ల కూడా ఎఫ్‌హెచ్‌ఏ కొంత మెత్తగా ఉంటుంది. చాప్టర్ 7 దివాలా (ఆస్తులు అమ్మి మిగతా అప్పులు రద్దు చేసే రకం) తీసినవారు రుణవిముక్తి ఆదేశం వచ్చిన రెండేళ్లకు, ఇల్లు జప్తయినవారు మూడేళ్లకు మళ్లీ అర్హులవుతారు. ప్రభుత్వ పూచీ లేని మామూలు లోన్లలో, అంటే అక్కడివారు కన్వెన్షనల్ అనేవాటిలో, ఇదే గడువు సాధారణంగా నాలుగేళ్లు, ఏడేళ్లు. ఆసుపత్రి బిల్లు కట్టక కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లిన బాకీలను ఎఫ్‌హెచ్‌ఏ ఇతర కలెక్షన్ బాకీలతో కలిపి లెక్కించదు. అసలు స్కోరే లేనివారికి కూడా అద్దె, కరెంటు, ఫోను బిల్లులు వేళకు కట్టిన రుజువులు చూసి లోను ఇచ్చే వీలుంది. డౌన్ పేమెంట్ మొత్తం తల్లిదండ్రులో తోబుట్టువులో కానుకగా ఇచ్చినా ఒప్పుకుంటారు. అది తిరిగి తీర్చక్కర్లేని డబ్బని లేఖ ఉండాలి, ఎక్కడి నుంచి వచ్చిందో ఆధారాలు ఉండాలి. అయితే ఆ ఇల్లు అద్దెకివ్వడానికి కాదు, ఉండటానికి కొనాలి. అరవై రోజుల్లో చేరాలి, కనీసం ఏడాది ఉండాలి.

ఇన్ని సడలింపులున్నా 560 స్కోరుతో వెళ్లిన మనిషి చాలా చోట్ల ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. ప్రభుత్వం ఒప్పుకున్నదానికి లెండర్ ఎందుకు కాదంటాడు?

ఒక కారణం హడ్ వేసే లెక్కలోనే ఉంది. ఒక లెండర్ ఇచ్చిన లోన్లలో ఎన్ని మొండిబకాయిలయ్యాయో హడ్ గమనిస్తూ ఉంటుంది. ఆ ప్రాంతంలో మిగతా లెండర్ల సగటుకు రెట్టింపు దాటితే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఇచ్చే అనుమతే పోవచ్చు. పోలిక సగటుతో కాబట్టి, అందరూ 620 పైనే ఇస్తున్న చోట ఒక్కడే 560కి ఇస్తే వాడి లెక్కే చెడుతుంది. దాంతో ఎవరికి వారు గీతను పైకి జరుపుతారు. ఇంకో కారణం వసూలు బాధ్యత. కొన్నవారు వాయిదా ఎగ్గొట్టినా బాండు కొన్న పెట్టుబడిదారుడికి వేళకు డబ్బు చేరాలి. దాన్ని ముందుగా జేబులోంచి పెట్టేది లోను వసూలు చూసుకునే కంపెనీ. తర్వాత ఎఫ్‌హెచ్‌ఏ నుంచి చాలావరకు వచ్చినా, కాలయాపనకు, కాగితాల పనికి అయ్యే ఖర్చు అంతా తిరిగి రాదు. మూడో కారణం కోర్టు భయం. 2008 సంక్షోభం తర్వాత నిబంధనలు సరిగ్గా పాటించకుండానే లోన్లకు ప్రభుత్వ పూచీ రాయించుకున్నారంటూ న్యాయశాఖ పెద్ద బ్యాంకుల మీద కేసులు పెట్టింది. కోట్ల డాలర్లు కట్టి రాజీపడిన పెద్ద బ్యాంకులు చాలావరకు ఈ వ్యాపారం నుంచి పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడు ఎఫ్‌హెచ్‌ఏ లోన్లలో అత్యధిక భాగం ఇచ్చేది బ్యాంకులు కాని మార్ట్‌గేజ్ కంపెనీలే.

కాబట్టి 580 అన్నది ఎఫ్‌హెచ్‌ఏ పూచీ పడటానికి ఒప్పుకునే అంకె మాత్రమే. లోను వస్తుందా రాదా అన్నది లెండర్ గీత మీద ఉంటుంది. ఒకచోట కాదన్నారని ఎఫ్‌హెచ్‌ఏ కాదన్నట్టు కాదు. ఇంకో లెండర్ గీత కింద ఉండొచ్చు.

నాలుగు లక్షల డాలర్ల ఇంటి మీద

ప్రీమియం రెండు రకాలు. మొదటిది ముందస్తు ప్రీమియం, లోనులో 1.75 శాతం. దీన్ని చాలామంది చేతి నుంచి కట్టకుండా లోనులోనే కలిపేసుకుంటారు. రెండోది ఏటా పడేది, నెలనెలా వాయిదాతో కలిపి కట్టేది. 30 ఏళ్ల గడువుతో 3.5 శాతం డౌన్ పేమెంట్ పెట్టి మామూలు పరిమాణంలో లోను తీసుకున్నవారికి ఇది ఏడాదికి 0.55 శాతం. 2023 మార్చికి ముందు 0.85 శాతం ఉండేది.

ఇల్లు 4,00,000 డాలర్లు, వడ్డీ 6.5 శాతం అనుకుందాం. డౌన్ పేమెంట్ 14,000. లోను 3,86,000. ముందస్తు ప్రీమియం 6,755 కలిపితే అప్పు 3,92,755కు చేరుతుంది. అసలూ వడ్డీ కలిపిన నెల వాయిదా సుమారు 2,482 డాలర్లు. దాని మీద వార్షిక ప్రీమియం వాటా మొదట్లో నెలకు 177. ప్రాపర్టీ టాక్స్, హోమ్ ఇన్సూరెన్స్ వీటికి అదనం. టెక్సాస్ లాంటి చోట్ల ఆ టాక్స్ ఒక్కటే నెలకు వందల డాలర్లు ఉంటుంది కనుక, లోన్ ఆఫీసర్ మొదట చెప్పిన అంకెకూ చివరికి బ్యాంకు ఖాతాలోంచి పోయే అంకెకూ పొంతన ఉండదు.

ఇదే లెక్కను కొంచెం ముందుకు నడిపితే అసలు విషయం తెలుస్తుంది. వాయిదాలు క్రమంగా కడుతూ పోతే అప్పు ఇంటి కొనుగోలు ధరలో 80 శాతానికి, అంటే 3,20,000కు దిగడానికి దాదాపు పదకొండున్నరేళ్లు పడుతుంది. కన్వెన్షనల్ లోను అయితే ఆ దశలో ప్రైవేటు మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (అక్కడ ఇలాంటి పూచీనే ప్రైవేటు కంపెనీ ఇస్తుంది) తీసేయమని అడగొచ్చు. అడగకపోయినా 78 శాతానికి వచ్చేసరికి అదే ఆగిపోవాలని 1998 నాటి చట్టం చెబుతోంది. ఎఫ్‌హెచ్‌ఏకు ఆ సౌకర్యం లేదు. 2013 జూన్ నుంచి ఉన్న నియమం ప్రకారం డౌన్ పేమెంట్ 10 శాతం కన్నా తక్కువ పెట్టినవారు లోను ఉన్నన్నాళ్లూ ప్రీమియం కట్టాల్సిందే. 10 శాతం, ఆపైన పెట్టినవారికి 11 ఏళ్లకు ఆగుతుంది. అప్పు తగ్గేకొద్దీ ప్రీమియం కూడా కొంత తగ్గుతుందిగానీ పూర్తిగా పోదు.

తప్పించుకునే దారి రీఫైనాన్స్, అంటే కొత్త లోను తీసుకుని పాతది తీర్చేయడం. స్కోరు మెరుగుపడి, ఇంటి విలువ పెరిగాక కన్వెన్షనల్ లోనుకు మారిపోవచ్చు. మార్కెట్లో వడ్డీలు తక్కువున్నప్పుడు ఇది తేలిక. 2020, 2021లో 3 శాతం దరిదాపుల్లో లోను తీసుకున్న మనిషి ఇవాళ ప్రీమియం వదిలించుకోవడం కోసం 6 శాతం దరిదాపు వడ్డీకి మారడు. అలాంటివారికి ప్రీమియం మెడకు చుట్టుకున్నట్టే ఉంది. అయితే ఎఫ్‌హెచ్‌ఏ లోను ఇల్లు కొనే తర్వాతి మనిషికి, అర్హత ఉంటే, అదే వడ్డీకి బదిలీ చేయొచ్చు. కన్వెన్షనల్ లోన్లలో సాధారణంగా ఆ వీలుండదు. అమ్మేటప్పుడు ఇది చెప్పుకోదగ్గ ఆకర్షణ. కాకపోతే ఇంటి ధరకూ మిగిలిన అప్పుకూ మధ్య తేడాను కొనేవారు వేరే సమకూర్చుకోవాలి.

అందరికీ ఒకే రేటు

ఎఫ్‌హెచ్‌ఏకూ ప్రైవేటు ఇన్సూరెన్స్‌కూ అసలైన తేడా ప్రీమియం ఎంతన్నది కాదు, దాన్ని ఎలా నిర్ణయిస్తారన్నది. ప్రైవేటు కంపెనీ స్కోరును బట్టి ప్రీమియం వేస్తుంది. 760 ఉన్నవారికి తక్కువ, 640 ఉన్నవారికి అంతకు కొన్ని రెట్లు. ఎఫ్‌హెచ్‌ఏ ప్రీమియానికి స్కోరుతో పని లేదు. లోను మొత్తం, గడువు, డౌన్ పేమెంట్ ఒకేలా ఉంటే 590 వారికీ 790 వారికీ ఒకటే రేటు.

దీని పర్యవసానం ఊహించవచ్చు. మంచి స్కోరు ఉన్నవారికి ఎఫ్‌హెచ్‌ఏ ఖరీదు, తక్కువ స్కోరు ఉన్నవారికి చవక. అందుకే సాధారణంగా 700 దాటినవారు కన్వెన్షనల్ వైపు, 650 లోపువారు ఎఫ్‌హెచ్‌ఏ వైపు చేరతారు. మధ్యలో ఉన్నవారు రెండు లెక్కలూ వేయించుకుని చూడాలి. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. మంచివాళ్లు వెళ్లిపోయి నష్టభయం ఎక్కువున్నవాళ్లే మిగిలితే నిధి మీద బరువు పడుతుంది. 2008లో హడ్ స్కోరును బట్టి ప్రీమియం మార్చాలని చూసింది. ఎవరికోసం పెట్టామో వారికే ఖరీదెక్కువ చేస్తారా అంటూ అమెరికా చట్టసభ కాంగ్రెస్ అదే ఏడాది దాన్ని చట్టంతో ఆపించింది. ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడమే మేలేమో కూడా. స్కోరును బట్టి ప్రీమియం వేస్తే ఎఫ్‌హెచ్‌ఏకూ ప్రైవేటు కంపెనీకీ తేడా ఏముంటుంది?

ప్రీమియం ఎంతుండాలన్నదాంట్లో రాజకీయం కూడా ఉంది. ఒబామా ప్రభుత్వం దిగిపోయే ముందు, 2017 జనవరి 9న, వార్షిక ప్రీమియం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. జనవరి 20న, ట్రంప్ ప్రమాణం చేసిన రోజే, ఆ తగ్గింపును నిలిపేశారు. తగ్గింపు మళ్లీ వచ్చింది 2023లో, బైడెన్ హయాంలో.

భారత్‌లోనూ ఈ తరహా పూచీ ఉంది, చాలా చిన్న ఎత్తున. పేద, అల్పాదాయ వర్గాల ఇంటి లోన్లకు బ్యాంకులకు హామీ ఇచ్చే క్రెడిట్ రిస్క్ గ్యారంటీ ఫండ్ ట్రస్టు 2012లో ఏర్పడింది. 2024 ఆగస్టులో పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశను ఆమోదించినప్పుడు కేంద్ర కేబినెట్ ఈ మూలనిధిని 1,000 కోట్ల నుంచి 3,000 కోట్ల రూపాయలకు పెంచింది. మన దగ్గర హామీ ఆదాయాన్ని బట్టి నడుస్తుంది, పేదలకే. ఎఫ్‌హెచ్‌ఏకు ఆదాయ పరిమితి లేదు. లోను మొత్తానికి మాత్రం ప్రాంతాన్ని బట్టి హద్దుంది. 2026కు ఒకే కుటుంబం ఉండే ఇంటికి అది చవక ప్రాంతాల్లో 5,41,287 డాలర్లు, ఖరీదైన ప్రాంతాల్లో 12,49,125 డాలర్లు.

నిధి ఖాళీ అయిన రోజులు

వసూలైన ప్రీమియాలన్నీ మ్యూచువల్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ ఫండ్ అనే నిధిలోకి వెళ్తాయి. పూచీ పడ్డ మొత్తంలో కనీసం 2 శాతం మిగులు నిధిలో ఉండాలని చట్టం. 2000ల మధ్యలో సబ్‌ప్రైమ్ లోన్లు, అంటే స్కోరు తక్కువున్నవారికి ఎక్కువ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు లోన్లు, విచ్చలవిడిగా దొరికిన రోజుల్లో ఎఫ్‌హెచ్‌ఏ దగ్గరికి వచ్చేవారు బాగా తగ్గిపోయారు. ఆదాయం రుజువు కూడా అడగకుండా ఇచ్చేవాడుండగా కాగితాలు అడిగేవాడి దగ్గరికి ఎవరు పోతారు? 2007, 2008లో ఆ మార్కెట్ కూలాక అందరూ ఒక్కసారిగా ఇటు వచ్చారు. ధరలు పడుతున్న రోజుల్లోనే ఎఫ్‌హెచ్‌ఏ పెద్ద ఎత్తున పూచీ పడింది. ప్రైవేటు అప్పు ఎండిపోయినప్పుడు మార్కెట్‌ను నిలబెట్టడం దాని పనే. ఆ పనికి మూల్యం కూడా చెల్లించుకుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టిన లోన్లు ఒక రకం ఉన్నాయి. అమ్మేవాడే ఓ స్వచ్ఛంద సంస్థ ద్వారా కొనేవాడికి డౌన్ పేమెంట్ సమకూర్చి, ఆ మేరకు ఇంటి ధర పెంచేవాడు. పేరుకు డౌన్ పేమెంట్ ఉన్నట్టే, నిజానికి కొన్నవాడి డబ్బు ఒక్క డాలరు కూడా అందులో లేదు. ఆ లోన్లలో ఎగవేతలు మిగతావాటి కన్నా చాలా ఎక్కువ. 2008 చట్టం ఈ పద్ధతిని నిషేధించి, కనీస డౌన్ పేమెంట్‌ను 3 నుంచి 3.5 శాతానికి పెంచింది. కన్నవారు ఇచ్చే కానుక సరే, అమ్మేవాడు ఇచ్చే కానుక కుదరదు అన్న నేటి నియమానికి మూలం ఇదే.

2012 ఆర్థిక సంవత్సరంలో నిధి మిగులు సున్నా కిందికి, మైనస్ 1.44 శాతానికి పడిపోయింది. 2013 సెప్టెంబరులో ఖజానా నుంచి 170 కోట్ల డాలర్లు తీసుకోవాల్సి వచ్చింది. దాదాపు ఎనభై ఏళ్ల చరిత్రలో అదే మొదటిసారి. లోను ఉన్నన్నాళ్లూ ప్రీమియం అనే కఠిన నియమం ఆ ఏడాదే వచ్చింది. ఆనాటి నష్టాన్ని పూడ్చడానికి పెట్టిన నియమం నిధి నిండాక కూడా అలాగే ఉండిపోయింది. 2024 ఆర్థిక సంవత్సరానికి మిగులు 11.47 శాతం, అంటే చట్టం అడిగినదానికి అయిదు రెట్ల పైమాటే. అంత ఉన్నప్పుడు ప్రీమియం ఇంకా తగ్గించొచ్చుగా అని ఇళ్ల వ్యాపార సంఘాలు అడుగుతాయి. ధరలు పడితే ఆ మిగులు ఎంతసేపు నిలుస్తుందని జాగ్రత్తపరులు అంటారు.

వాయిదా తప్పినప్పుడు

జాగ్రత్తపరుల మాటకు ఆధారం లేకపోలేదు. మార్ట్‌గేజ్ బ్యాంకర్స్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2024 చివరి మూడు నెలల్లో ఎఫ్‌హెచ్‌ఏ లోన్లలో సుమారు 11 శాతం వాయిదా బకాయి పడ్డాయి. కన్వెన్షనల్ లోన్లలో ఆ సంఖ్య 3 శాతం లోపే. ఈ తేడా కొత్తేమీ కాదు. పూచీ పడిందే అలాంటివారికి.

బకాయి పడ్డవారిని వెంటనే రోడ్డున పడేయకుండా ‘పార్షియల్ క్లెయిమ్’ అనే పద్ధతి ఉంది. తప్పిన వాయిదాల మొత్తాన్ని ఎఫ్‌హెచ్‌ఏ నిధి నుంచి లోను కంపెనీకి కట్టేస్తుంది. ఆ డబ్బు ఇంటి మీద రెండో అప్పుగా, వడ్డీ లేకుండా నిలుస్తుంది. ఇల్లు అమ్మినప్పుడో రీఫైనాన్స్ చేసినప్పుడో మొదటి లోను తీరినప్పుడో దాన్ని తీర్చాలి. జామీనుదారు వడ్డీ వ్యాపారికి కట్టేసి, ‘నా బాకీ తర్వాత చూద్దాంలే’ అన్నట్టు. కోవిడ్ కాలంలో దీన్ని ధారాళంగా ఇచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ వాడుకోవడంతో హడ్ నిబంధనలు బిగించింది. 2026 ఫిబ్రవరి నుంచి ఇలాంటి సాయం ఒకసారి పొందినవారు మళ్లీ పొందాలంటే రెండేళ్లు ఆగాలి. ఉద్యోగాలు పోయే సమయంలో ఈ రెండేళ్లు చాలా ఇళ్లకు కీలకం కావచ్చు.

2025 మే 25 తర్వాత

తాత్కాలిక వీసా మీద పని చేసుకునేవారికి ఏళ్ల తరబడి ఎఫ్‌హెచ్‌ఏ లోను అందింది. ఉద్యోగానుమతి, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఆ ఇంట్లోనే ఉండే ఉద్దేశం ఉంటే చాలు. 2025 మార్చి 26న హడ్ ఆ వర్గాన్నే తీసేసింది. మే 25, ఆ తర్వాత ఎఫ్‌హెచ్‌ఏ కేస్ నంబరు (ప్రతి లోను దరఖాస్తుకూ ఇచ్చేది) పడిన లోన్లకు కొత్త నియమం వర్తిస్తుంది. ఇప్పుడు అర్హులు అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు, మైక్రోనేషియా, మార్షల్ దీవులు, పలావు పౌరులు. హడ్ చెప్పిన కారణం ఇది: దేశంలో ఎన్నాళ్లుంటారో తెలియనివారు ముప్పై ఏళ్ల అప్పు నిలకడగా తీర్చగలరా అన్నది సందేహం, ఆ నష్టభయాన్ని ప్రభుత్వ నిధి మోయకూడదు.

తెలుగువారిలో దీని ప్రభావం అందరి మీదా ఒకేలా ఉండదు. పదేళ్లుగా ఐటీలో ఉండి 760 స్కోరు సంపాదించినవారు ఎలాగూ ఎఫ్‌హెచ్‌ఏ వైపు చూడరు. హడ్ నిర్ణయం కన్వెన్షనల్ లోన్లకు వర్తించదు. వాటిలో మొదటిసారి కొనేవారికి 3 శాతం డౌన్ పేమెంట్‌తో ఇచ్చేవి కూడా ఉన్నాయి. దెబ్బ పడేది స్కోరు తక్కువున్నవారికి. అమెరికా వెళ్లిన మనిషికి మన సిబిల్ స్కోరు 800 ఉన్నా అక్కడ దాని విలువ సున్నా. చదువుకునే రోజుల్లో మొదటి క్రెడిట్ కార్డు పరిమితి దాకా వాడేయడం, పంచుకున్న అపార్ట్‌మెంట్ ఖాళీ చేశాక చివరి కరెంటు బిల్లు మరిచిపోయి అది కలెక్షన్‌కు వెళ్లడం, ఉద్యోగం మారే మధ్యలో కారు లోను వాయిదా తప్పడం వంటివి 620, 640 స్కోర్ల వెనుక తరచుగా ఉండే కథలు. వారికి కన్వెన్షనల్ లోను రాకపోవచ్చు, వస్తే ఖరీదు ఎక్కువ.

దంపతుల్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉండి ఒకరికి లేకపోతే ఉన్నవారొక్కరే లోను తీసుకోవచ్చు. అప్పుడు ఆ ఒక్కరి జీతమే లెక్క. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో దంపతుల ఆస్తులను ఉమ్మడిగా చూస్తారు. అక్కడ లోనులో పేరు లేకపోయినా రెండో మనిషి అప్పులను ఎఫ్‌హెచ్‌ఏ లెక్కలో కలుపుతుంది. జీతం కలవదు, అప్పు కలుస్తుంది. తెలుగువారు ఎక్కువగా ఉండేది ఈ రాష్ట్రాల్లో కూడా కాబట్టి లోను కాగితాలు మొదలుపెట్టే ముందే అడగాల్సిన విషయమిది.

ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు కోసం వరుసలో ఉన్న భారతీయులకు నిరీక్షణ ఇప్పుడు పదేళ్లకు పైగానే ఉంది. అన్నేళ్లలో స్కోరు ఎలాగూ పెరుగుతుంది, పొదుపూ పోగవుతుంది. కార్డు చేతికొచ్చి ఎఫ్‌హెచ్‌ఏ అర్హత వచ్చేసరికి వారిలో చాలామందికి కన్వెన్షనల్ లోనే చవకగా పడుతుంది. ఈ పూచీ పనికొచ్చేది మొదటి మూడు నాలుగేళ్లలోనే. 2025 నియమం తీసేసింది ఆ ఏళ్లనే.